మధుకవిగారి దాహ పరీక్ష

మా ఊరి ఎక్సైజు ఆఫీసుకి రెండు బోర్డులున్నాయి. బయటి గోడకున్న బోర్డు మద్యం తాగితే ఆరోగ్యం పాడవుతుందని చెబుతుంది. లోపలి గోడకున్న బోర్డు ఈ నెల ఊరు మొత్తం మీద ఎన్ని పెట్టెలు తాగి తీరాలో చెబుతుంది. బయటి బోర్డుకి రంగు వెలిసిపోయి చాలా కాలమైంది. లోపలి బోర్డుని మాత్రం ఒకటో తారీకు రాగానే తడిగుడ్డతో తుడిచి కొత్త సుద్దముక్కతో రాస్తారు. ఇదేమిటండీ అని అడిగితే, రెండూ ప్రజల మేలుకేనని ఆఫీసువాళ్లు నమ్మకంగా చెబుతారు.

ఇవన్నీ నాకెలా తెలుసంటే, ఆ ఆఫీసు గోడని ఆనుకునే నా జిరాక్సు షాపు ఉంది. నా పేరు భాస్కరం. వాళ్లు నాటుసారా పట్టుకున్నా, బెల్లం ఊట పారబోసినా, పంచనామా మీద సాక్షి సంతకం నాదే. కేకేస్తే వినపడేంత దూరంలో సంతకం చెయ్యడం వచ్చినవాణ్ని నేనొక్కణ్నే. కాబట్టి ఈ కథంతా నా కళ్లతో చూసిందే.

ఎక్కడో ఒక మద్యం కంపెనీవారు ప్రకటనల మీదున్న నిషేధాన్ని తప్పించుకోవడానికి, హోర్డింగు మీద సీసా బొమ్మ వెయ్యకుండా రెండు లైన్ల కవిత రాయించారట. పై అధికారులకి ఒళ్లు మండింది. కంపెనీని ఏమీ అనలేక కవిత్వం మీద పడ్డారు. పదిహేను రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. దానికి కాపీలు తీసింది నేనే గనక చూడకుండానే చెప్పగలను: "మద్యమునకు ప్రత్యక్షముగా గాని పరోక్షముగా గాని కీర్తి కలిగించు పద్య, గద్య, గేయములన్నియు ప్రకటనలుగా భావింపబడును. సదరు రచనలు ముద్రణకు పూర్వము దాహ ప్రేరణ పరీక్షకు హాజరు కావలెను. విన్నవారికి దాహము కలిగినచో రచన నిషేధింపబడును."

జిల్లాలో మిగతా ఊళ్ల అధికారులు ఈ కాగితాన్ని ఫైల్లో పెట్టి మర్చిపోయారు. మా ఊరి సూపరింటెండెంటు భుజంగరావుగారు అలాంటి మనిషి కాదు. ఆయన ఉత్తర్వుల్లో పుట్టి ఉత్తర్వుల్లో పెరిగిన మనిషి. టీ కావాలంటే కూడా "ఒక కప్పు టీ విషయమై తగు చర్య తీసుకోవలసినది" అంటారు. ఊళ్లో మద్యం మీద కవిత్వం రాసే నేరస్థుడెవరని ఆరా తీయించారు. ఒకే ఒక్క పేరు తేలింది.

ఆ పేరు కొప్పిశెట్టి త్రిమూర్తులు. కలం పేరు మధుపాత్ర. నాకు బంధువేం కాదు గానీ మా వీధిలో పెద్దవాళ్లందరూ మాకు బాబాయ్‌లే. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ద్రాక్షసారా మీద ఆయన రాసినన్ని పద్యాలు మా వైపు ఎవరూ రాయలేదు. ఆయన ఇంట్లో అన్నిటికంటే ఘాటైన పానీయం మిరియాల చారు. అయినా చొక్కా పైగుండీ విప్పి, జుట్టు చెదరగొట్టుకుని, కళ్లు సగం మూసి మాట్లాడతారు కాబట్టి కొత్తవాళ్లెవరైనా పక్కా తాగుబోతనే అనుకుంటారు. అలా అనుకుంటే బాబాయ్‌కి ఆ వారమంతా పండగే. "ద్రాక్షతోట రాత్రులు" అని పుస్తకం అచ్చుకి సిద్ధం చేసుకుని, సభకి శాలువా కూడా తనే కొని బీరువాలో పెట్టుకున్నారు.

నోటీసు అందిన రోజు ఆయన నా షాపుకి దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చారు. భయపడ్డారేమోనని కుర్చీ వేశాను.

"ఒరే అబ్బాయ్, నిషేధిస్తారంటావా?" అన్నారు.

"పద్యం వినగానే మందు తాగాలనిపిస్తే నిషేధిస్తారు బాబాయ్."

"అనిపిస్తుందిరా! అనిపించకపోతే అదేం పద్యం? ఇన్నేళ్లుగా రాస్తన్నానా, ఈ ఊళ్లో ఒక్కడంటే ఒక్కడు విని కదల్లేదు. మీ పిన్ని సరేసరి. ఇప్పుడు గవర్నమెంటువారే కూర్చోబెట్టి వినిపిస్తారట. నిషేధించిన మధుకవి అంటే ఆ దర్జాయే వేరురా అబ్బాయ్!"

ఆ మాట అంటున్నప్పుడు ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఒక్క మనిషిని కదిలించాలన్నది ఆయన కోరిక. నవ్వొచ్చినా నవ్వలేకపోయాను.

పరీక్ష శుక్రవారం పొద్దున ఆఫీసు హాల్లో పెట్టారు. వినేవాడు "మద్యపానమునందు సగటు ఆసక్తి గల వ్యక్తి" అయి ఉండాలని నిబంధన. కానిస్టేబులు నూకరాజుని ఎంపిక చేశారు. అతని ఆసక్తి సగటు కంటే చాలా ఎక్కువని తోటివాళ్లు అభ్యంతరం చెప్పారు గానీ, ఆఫీసులో అంతకంటే తక్కువవాళ్లు దొరకలేదు. నూకరాజు ముందు బల్ల మీద మూత తీసిన క్వార్టరు సీసా, గ్లాసు, సోడా, ఉప్పుశనగల పొట్లం పెట్టారు. చెయ్యి గ్లాసు మీదికి వెళ్లిందంటే పద్యం నేరం చేసినట్టు. కవి చదివితే అభినయంతో మోసం చేస్తాడని సూపరింటెండెంటుగారే చదవడానికి కూర్చున్నారు.

"మొదటి రచన," అని గొంతు సవరించుకున్నారు.

"ఓ మధుహస్తా! పోయవే, పోయవే
కెంపుల ద్రవమును నా కంఠ కుహరమున
నా ప్రాణనౌక ద్రాక్షాబ్ధిలో మునిగి
బుడుంగు బుడుంగు మనుదాక!"

నూకరాజు గ్లాసు వైపు చూశాడు. బాబాయ్ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. రెండో పద్యానికి నూకరాజు మొహం తుడుచుకున్నాడు. నాలుగో పద్యంలో మధుహస్త జడతో కవిని ద్రాక్షతీగకి కట్టేసే ఘట్టం వచ్చింది. నూకరాజు నెమ్మదిగా గ్లాసుని బల్ల చివరికి జరిపాడు. ఏడో పద్యం సగంలో ఉండగా లేచి నిలబడి సెల్యూట్ కొట్టాడు.

"అయ్యగారండి, కూసింత మజ్జిగుంటే ఇప్పించండి. కడుపులో తిప్పేత్తందండి."

"దాహము కలుగుచున్నదా?"

"ఆయ్, లేదండి. ఆ సీసా కొంచెం అవతల పెట్టించండి. చూస్తంటే ఆ పజ్జెం గుర్తుకొస్తందండి."

భుజంగరావుగారు రిపోర్టు రాశారు. దాహ ప్రేరణ లేదు. వాంతి ప్రేరణ స్వల్పం. రచన నిరపాయకరం. పుస్తకం స్వేచ్ఛగా అచ్చువేసుకోవచ్చు గానీ, అట్ట మీద "మత్తు లేదని ధ్రువీకరించడమైనది" అని ఆఫీసు ముద్ర ఉండాలి.

నేను చాలామంది దోషుల మొహాలు ఆ హాల్లోనే చూశాను. నిర్దోషిగా తేలినందుకు అంతలా కుంగిపోయిన మనిషిని మాత్రం చూడలేదు. బాబాయ్ చొక్కా పైగుండీ పెట్టేసుకున్నారు.

"ఆ ముద్ర వేసుకుని ఎలా బతకాలిరా?" అన్నారు బయటికొచ్చాక. తర్వాత ఆయనే మళ్లీ లోపలికి వెళ్లి, అప్పీలు చేసుకుంటానన్నారు. నన్ను శిక్షించండి మహాప్రభో అని అప్పీలు పెట్టుకున్నవాణ్ని ఆ శాఖ అదే మొదటిసారి చూడటం. నిబంధనలో మాత్రం అప్పీలంటే అప్పీలే. మంగళవారం కొత్త పద్యాలతో రెండో పరీక్ష ఖాయమైంది.

ఇక్కడే నా పని తగలడింది. ఎక్సైజువాళ్లకి ఏ కాగితమైనా రెండు వైపులా కాపీ తియ్యాలి. వెనకవైపు తెల్లగా ఉన్నా తెల్లదనానికి కూడా కాపీ కావాలి. బాబాయ్‌ది కండక్టరు అలవాటు, కాగితం వృథా చెయ్యరు. ముందువైపు సాపుగా మధుహస్త, వెనకవైపు ఏదో గీకుడు. నేను ఆ సోమవారం కాగితాలు మెషీన్లో పెట్టి, అలవాటుగా రెండు వైపులా తీసి, కుట్టి, ఇచ్చేశాను.

మంగళవారం అదే హాలు, అదే బల్ల, కొత్త సీసా. మొదటి పద్యం చదివేసరికి నూకరాజు గ్లాసు జరిపేశాడు. భుజంగరావుగారు పేజీ తిప్పారు. తిప్పిన పేజీలో ఏముంటే అది చదవడమే ఆయన లెక్క. అదే గొంతుతో, హెచ్చుతగ్గులు లేకుండా చదివారు.

"ఆఖరి ట్రిప్పు దిగి వచ్చేసరికి
వీధి వీధంతా తలుపులేసుకుంది
మా గడియ ఒక్కటే తీసి ఉంది
తిన్నావా అంటే ఇప్పుడే అంటుంది
కంచాలు రెండూ బోర్లించే ఉంటాయి
చారు మాత్రం పొగలు కక్కుతుంది
ఎన్నిసార్లు వెచ్చబెట్టిందో
నేను అడగలేదు, తను చెప్పలేదు."

"అది కాదండీ! అది వెనకవైపుదండీ!" అని బాబాయ్ లేచారు.

"కూర్చోండి. పరీక్ష జరుగుచున్నది," అన్నారు భుజంగరావుగారు.

నూకరాజు మాత్రం కూర్చోలేదు. టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. సీసా వైపు చూడను కూడా చూడలేదు.

"ఇంటికెల్లొత్తానండి," అన్నాడు.

"విధి నిర్వహణ సమయమున ఇంటికి ఎందులకు?"

"తెలీదండి. ఎల్లాలనిపిత్తందండి," అని వెళ్లిపోయాడు. ఆ రిపోర్టులో దాహానికీ వాంతికీ గళ్లు ఉన్నాయి గానీ ఇంటికి గడి లేదు. సూపరింటెండెంటుగారు చాలాసేపు కలం పట్టుకుని కూర్చుని, ఆ చోటు ఖాళీగా వదిలేశారు.

మర్నాడు పొద్దున్నే నూకరాజు భార్య ఆఫీసుకి వచ్చేసింది.

"ఆయనకేవైనా జబ్బు చేసిందాండి? నిన్న పొద్దుండగానే ఇంటికొచ్చేసేరు. వచ్చి నువ్వు తిన్నావా అనడిగేరండి. నాకు కాళ్లూ చేతులూ ఆడక మా అన్నయ్యకి ఫోన్ చేసేసేనండి!"

తర్వాత జరిగింది ఎవరూ అనుకోనిది. నూకరాజుకి ఆ ఎనిమిది లైన్లూ నోటికొచ్చేశాయి. అలవాటు కొద్దీ సాయంత్రం వైన్స్ దగ్గరకి వెళ్లి, అలవాటు తప్పి తాగకుండా అక్కడివాళ్లకి అవి వినిపించాడు. సగం తాగిన గ్లాసులు బల్లల మీద వదిలేసి నలుగురు లేచారు. మర్నాడు ఇంకొందరు. వారం తిరిగేసరికి మా ఊరి వైన్స్ ముందు కుక్కలు హాయిగా పడుకుని నిద్రపోతున్నాయి. యజమాని వచ్చి ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. లోపలి బోర్డు మీదున్న టార్గెట్టు అందనంత దూరంలో ఉండిపోయింది. ఏమి జరుగుచున్నదో తక్షణమే తెలుపుమని పైనుంచి తాఖీదు వచ్చింది.

భుజంగరావుగారు ఒక రోజంతా ఆలోచించారు. ఆయన ఆలోచన ఎప్పుడూ నిటారుగా పోతుంది, మధ్యలో గోడ వచ్చినా ఆగదు. మందు తాగించే కవిత్వం ప్రజారోగ్యానికి హాని కాబట్టి నేరం. మందు మాన్పించే కవిత్వం ప్రభుత్వ ఆదాయానికి హాని కాబట్టి అంతకంటే పెద్ద నేరం. ఈ రెండోదానికి ఆయన "దాహ నిరోధక సాహిత్యము" అని పేరు పెట్టి, నన్ను పిలిచి జీపెక్కించారు.

"ఎక్కడికండీ?"

"సారా పట్టుకున్నప్పుడు బెల్లమును కూడా పట్టుకొనుచున్నాము కదా? ముడిసరుకు ఉన్నంత కాలము తయారీ ఆగదు. కవితను పట్టుకున్నాము. ఇప్పుడు ముడిసరుకును స్వాధీనము చేసుకొనవలసి ఉన్నది," అని ఒక కాగితం నా చేతికిచ్చారు. కవితను అనుసరించి అందులో నాలుగు వస్తువులు రాసి ఉన్నాయి. తలుపు గడియ, కంచాలు, చారు గిన్నె, భార్య.

మేం వెళ్లేసరికి బాబాయ్ అరుగు మీద దిగులుగా కూర్చున్నారు. సత్యవేణి పిన్ని వంటింట్లో ఉంది. పిన్నికి బాబాయ్ కవిత్వమంటే ఒళ్లుమంట. తాగుబోతు పెళ్లామన్న పేరు తాగకుండానే వచ్చిందని ఒక బాధ. అంతకంటే పెద్ద బాధ, గిన్నె పట్టుకుని ఎప్పుడూ ఆయన పద్యాల్లో నిలబడి ఉండే ఆ మధుహస్త ఎవరన్నది. ఏ రూటు బస్సులో ఎక్కేదోనని నా దగ్గర కూడా రెండుమూడుసార్లు కూపీ లాగింది.

మాతో జీపులో వచ్చిన నూకరాజు తల వంచుకుని వంటింట్లోకి వెళ్లి రెండు కంచాలూ తెచ్చి గుమ్మంలో పెట్టాడు. గిన్నె పొయ్యి మీద ఉంది. అది ఉడికేదాకా ఆగమని పిన్ని కసిరితే ఆగాడు.

భుజంగరావుగారు బాబాయ్ ముందు కూర్చుని గొంతు తగ్గించారు. ఆయన గొంతు తగ్గించడం నేను వినడం అదే మొదలు.

"త్రిమూర్తులుగారూ, శాఖ మీ యెడల సానుభూతితో ఉన్నది. ఆ వెనకపేజీ రచన మీది కాదని ఒక్క సంతకం చేయండి. అనాథ రచనగా భావించి ధ్వంసం చేసి, కేసు మూసివేయుదుము. అందుకు ప్రతిగా మీ ద్రాక్ష పద్యములను పునఃపరిశీలించి, అత్యంత దాహ ప్రేరకములని ధ్రువీకరించుటకు నేను సిద్ధము. నిషేధము కూడా విధించెదము. జిల్లా కేంద్రంలో సభ, మధుకవి బిరుదు, శాలువా."

బాబాయ్ మొహం వెలిగిపోయింది. ఆయన జీవితమంతా కోరుకున్నది అరుగు మీదికే నడిచి వచ్చింది. కలం అందుకున్నారు. నాకెందుకో తెలీదు గానీ, ఆ సంతకం చెయ్యకుండా ఉంటే బాగుండునని గట్టిగా అనిపించింది.

"ఉండండుండండి," అంది పిన్ని, గరిటె పట్టుకునే గుమ్మంలోకి వచ్చి. "నా కంచాలు పట్టుకెల్తన్నారు, నన్నూ పట్టుకెల్తావంటన్నారు. అసలు అందులో ఏవుందో చదవండి బాబుగారూ. ఆ మధుహస్త ఊరేదో నాకూ తెలియాలి కదా!"

స్వాధీనం చేసుకునే ముందు సంబంధితులకు చదివి వినిపించడం నిబంధనే. భుజంగరావుగారు చదివారు. ఈసారి మధ్యలో ఒకచోట ఆగి కళ్లజోడు తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టారు. చదవడం అయిపోయింది. వంటింట్లో చారు పొంగి పొయ్యి మీద పడుతున్న చప్పుడు అందరికీ వినపడుతోంది. పిన్ని కదల్లేదు.

"ఇది ఎవరు రాసేరండి?" అంది చివరికి.

సూపరింటెండెంటుగారు కాగితం మీద సంతకం చెయ్యవలసిన చోటు వేలితో చూపించారు. బాబాయ్ ఆ వేలి వైపు చూశారు, పిన్ని వైపు చూశారు. కలం మూత పెట్టేశారు.

"నేనే సత్తెవేణీ," అన్నారు. "ఆ ముందువైపువి ఊరికే రాసినవి. ఆవిడెవరో నాకూ తెలీదు. ద్రాక్షసారా ఏ రంగులో ఉంటుందో కూడా నేను చూళ్లేదు. ఇది మాత్రం... ఇది నేను చూసి రాసిందే."

పిన్ని పైటచెంగుతో మొహం తుడుచుకుంది.

"మూడుసార్లు," అంది.

"ఏంటి?"

"చారండీ. మూడుసార్లు వెచ్చబెట్టేదాన్ని. వేసవిలో అయితే రెండు. అడిగితే చెప్పేదాన్ని కదా! పద్యాల్లో పెట్టుకున్నారు గానీ నోరిప్పి అడిగేరా ఏనాడైనా?" అని గరిటెతో సహా వంటింట్లోకి వెళ్లి, అక్కణ్నించి, "బాబుగారూ, కంచాలు పట్టుకెల్లండి. ఆకుల్లో తింటాం. ఆ కాగితం మాత్రం ఇచ్చేసి వెల్లండి!" అంది.

నూకరాజు బాహాటంగా ఏడుస్తూ కంచాలు మళ్లీ లోపల పెట్టేశాడు. భుజంగరావుగారు కలం తీశారు. పంచనామాలో, "ముడిసరుకు వినియోగములో ఉన్నందున తరలించుటకు వీలుపడలేదు. సదరు భార్యను భర్త పూచీకత్తుపై ఆయన వద్దనే ఉంచడమైనది" అని రాశారు. నేను సంతకం చేశాను. ఆ కవితని మాత్రం నిషేధించారు. నకలు తీసినవారిపై కఠిన చర్య తీసుకోబడునని నా షాపు తలుపుకే నోటీసు అంటించారు. మధుకవి బిరుదు పక్క జిల్లాలో ఎవరికో వెళ్లిపోయిందని తర్వాత తెలిసింది. బాబాయ్ అడగనైనా అడగలేదు. ఆయన అప్పటికే పిన్ని ఆవకాయ కలిపే పద్ధతి మీద ఏదో రాస్తున్నారు, పిన్ని పక్కన కూర్చుని తప్పులు దిద్దుతోంది.

మర్నాడు నేను షాపు తెరిచేసరికి నోటీసు ముందు ఆడవాళ్లు బారులు తీరి ఉన్నారు. నూకరాజు భార్య వాళ్లందరికీ కబురు పెట్టిందట. ఒక్కొక్క కాపీ కావాలట, మొగుళ్లకి చదివి వినిపించడానికి. నేను చేతులు జోడించాను. నిషేధమమ్మా, జైల్లో పెడతారు, పిల్లలు గలవాణ్ని అని మొత్తుకున్నాను.

వరసలో అందరికంటే ముందున్న పెద్దావిడ నా మాట పట్టించుకోకుండా చేతిసంచీలోంచి మడతపెట్టిన కాగితం తీసి బల్ల మీద పరిచింది. అదే కవిత, సూపరింటెండెంటుగారి స్వదస్తూరీతో ఉంది. ఆవిడ వెనక గొడుగు పట్టుకుని నిలబడ్డవాడు ఎక్సైజు జీపు డ్రైవరు.

"నిన్న ఇంటికొచ్చి మావారు, తమరి భోజనము ముగిసినదా అనడిగారండీ," అందావిడ. "పెళ్లయ్యాక ఇదే మొదలు. ఏదోలెండి, మెల్లిగా అలవాటవుతుంది. వీళ్లందరికీ తలొకటి తియ్యండి. మా ఇంటికి మాత్రం కాస్త పెద్దక్షరాలతో తియ్యండి, ఆయనకి చత్వారం."